ఊరపిచ్చుక - అగాధజలముల చేప

పోల్చి చూచుట మానవునకు సహజమైన అలవాటు. కవి ముఖమును చంద్రునితో పోల్చును. రైతు ఈ యేటి పంటను నిరుటి పంటతో పోల్చుకొనును. సాధారణముగ మనము ఏదో ఒక పోలిక ఉన్న వస్తువులనే పక్కపక్కన ఉంచి చూతుము. కాని ఏ పోలికయు లేదనిపించు రెండింటిని ఒకచోట నిలిపి చూచినప్పుడు అంతవరకు మన బుద్ధికి తోచని సంగతి ఒక్కొక్కసారి తోచును. ఈ ప్రసంగములో మేము అట్టి రెండు ప్రాణులను శ్రోతల ముందుంచదలచినాము. ఒకటి మన ఇంటి చూరులో కాపురముండు ఊరపిచ్చుక. రెండవది సముద్రములో సుమారు ఒక కిలోమీటరు లోతున, వెలుతురు చొరని చీకటిలో జీవించు ఒక చేప. దాని పేరు ఆరెంజ్ రఫీ. ఇది మన తీరపు సంతలలో అమ్మకమునకు వచ్చు చేప కాదు. న్యూజిలాండు, ఆస్ట్రేలియా, నమీబియా తీరములకు దూరముగను, ఈశాన్య అట్లాంటిక్ సముద్రములోను, నీటి అడుగున లేచిన కొండల చుట్టును ఇది నివసించును.

ఈ రెండింటిలో ఏది బలమైన ప్రాణి, ఏది బలహీనమైనది అని ఎవరినైనను అడిగినచో, క్షణములో సమాధానము వచ్చును. పిచ్చుక గుప్పెటలో ఇమిడిపోవు అర్భకజీవి. పిల్లి, కాకి, డేగ అన్నియు దానికి శత్రువులే. చేపయో, వందల ఏండ్లు జీవింపగలది. మనుష్యుడు చొరరాని లోతులలో కోట కట్టుకొని ఉన్నట్టిది. ఈ సమాధానము సరియైనదేనా? మనుష్యుని చేయి సోకినప్పుడు ఈ రెండింటిలో ఏది తట్టుకొని నిలిచినది, ఏది కూలినది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలెనన్న ముందుగ రెండింటి జీవిత విధానములను కొంచెము తెలిసికొనవలెను.

మొదట పిచ్చుక మాట. దీనిని గానపక్షి అనినచో కొందరు శ్రోతలు నవ్వుకొనవచ్చును. పాటకు మన సాహిత్యములో పట్టాభిషేకము జరిగినది కోకిలకు. పిచ్చుకది వట్టి కిచకిచ. కాని శాస్త్రజ్ఞుల లెక్క వేరు. పక్షులలో ధ్వని పుట్టు చోటు మనకువలె శ్వాసనాళపు పైకొనన గాక, క్రిందికొనన ఉండును. అచ్చట సున్నితమైన కండరములు పెక్కు కలిగి, తమ కూతను పెద్ద పక్షుల నుండి విని నేర్చుకొనగల కుటుంబములను గానపక్షులు అందురు. ప్రపంచములోని పక్షిజాతులలో దాదాపు సగము ఈ వర్గమునకు చెందినవే. ఈ లెక్కన పిచ్చుక గానపక్షి. గిజిగాడును గోరువంకయు గానపక్షులే. కడకు కాకి కూడ గానపక్షియే. మన కవుల కోకిల మాత్రము ఈ పంక్తిలో కూర్చుండదు. కాకిగూటిలో పొదుగబడి, కాకి తెచ్చిన ఆహారము తిని పెరిగియు, కోకిల పిల్ల కాకి అరుపు నేర్వక తన జాతి కూతనే కూయును గదా! ఆ కూత దానికి పుట్టుకతో వచ్చినది; గురువు వద్ద నేర్చినది కాదు. గానపక్షుల సంగతి అట్లు కాదు. 1950 దశకములో కేంబ్రిడ్జిలో విలియం థోర్ప్ అను శాస్త్రజ్ఞుడు చాఫించ్ అను చిన్న గానపక్షి పిల్లలను పెద్దల పాట వినరాకుండ పెంచి చూచెను. అవి పెరిగి పాడినవి గాని, ఆ పాటలో జాతిపాట యొక్క నిండుదనము రాలేదు. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. చెవిని గూర్చి ముందు మరల మాటలాడవలసి యున్నది.

పిచ్చుక బరువు సుమారు 30 గ్రాములు. దాని ఒంటివేడి దాదాపు 41 డిగ్రీల సెంటిగ్రేడు. మనకు అంత వేడి వచ్చినచో వైద్యుని పిలువవలసినదే. గుండె నిమిషమునకు కొన్ని వందల సార్లు కొట్టుకొనును. ఇంత చిన్న శరీరమును ఇంత వేడిగ ఉంచుట, చిల్లిపడిన కుండలో నీరు నింపుచుండుట వంటిది. చిన్న వస్తువు త్వరగా చల్లారును. కావున పొయ్యిలో కట్టె ఎప్పుడును మండుచుండవలెను. ఒకటి రెండు దినములు పూర్తిగ పస్తుండినచో పిచ్చుకకు ప్రాణము నిలుచుట కష్టము. అందువలననే తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు దానికి గింజల వేట, పురుగుల వేట తప్పదు.

ఇక చేప మాట. ఆరెంజ్ రఫీ మూరకు కొంచెము తక్కువ పొడవుండు చేప. పెద్ద తల, పెద్ద కన్నులు, ప్రక్కలు నొక్కినట్లున్న శరీరము. ప్రాణముతో ఉన్నప్పుడు దాని రంగు ఇటుకవంటి ఎరుపు. ప్రాణము పోయిన పిదప అది నారింజ వన్నెకు దిగును. దాని పేరు ఆ వన్నెను పట్టి వచ్చినదే. అగాధములో ఇంత ఎర్రని రంగు శత్రువుల కంటబడదా అను సందేహము రావచ్చును. సూర్యకాంతిలోని ఎరుపు, నీటిపొరలలో మొట్టమొదట హరించిపోవును. ఎర్రని కాంతి లేనిచోట ఎర్రని వస్తువు నల్లగనే ఉండును. కావున ఆ ఎర్రచీర అచ్చట నల్లకంబళియే.

అది నివసించు చోట నీటి వేడి కొన్ని డిగ్రీలు మాత్రమే. చేప శరీరము కూడ అంతే చల్లగ ఉండును. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒత్తిడి భూమిపైని గాలి ఒత్తిడికి ఇంచుమించు సమానముగ పెరుగుచు పోవును. 1,000 మీటర్ల లోతున ఆ ఒత్తిడి నూరురెట్లు దాటును. ఆ చీకటిలో, ఆ చలిలో, ఆ బరువు క్రింద ఈ చేప రొయ్యలను, చిన్న చేపలను, స్క్విడ్లను పట్టి తినుచు జీవించును. లోతున దిగు యంత్రములలో నుండి చూచిన పరిశోధకులకు ఒక్కొక్కప్పుడు ఈ చేపలు అడుగుకు దగ్గరగ దాదాపు కదలకుండ నిలిచి ఉన్నట్లు కనబడినవి.

ఈ రెండు ప్రాణులకును ఒక సమస్య మాత్రము సమానము. అది తేలికదనము. పిచ్చుక గాలిలో పడిపోకుండవలెను. చేప నీటిలో మునిగిపోకుండవలెను. పిచ్చుక ఈ సమస్యను గాలితోనే పరిష్కరించుకొన్నది. దాని ఎముకలు పెక్కు గుల్లగ ఉండును, పండ్లు లేవు, ఊపిరితిత్తుల నుండి గాలిసంచులు శరీరములోనికి వ్యాపించి యుండును. పైనీటిలో తిరుగు చేపలు కూడ పెక్కు ఈ ఉపాయమునే అవలంబించును. వాని కడుపులో గాలితిత్తి ఉండును. కాని నూరు రెట్ల ఒత్తిడిలో గాలి అణగిపోవును. దానిని నింపి ఉంచుట ఎంతో శ్రమ. రఫీ చేప గాలిని వదలి మైనమును ఆశ్రయించినది. దాని శరీరములోని కొవ్వులో అధికభాగము మైనపు జాతి నూనె. నూనె నీటిపై తేలును, ఒత్తిడికి గాలివలె అణగదు. ఒకటి గాలిని మ్రింగి తేలికయైనది. మరొకటి మైనమును నింపుకొని తేలికయైనది.

రెండవ పోలిక చెవి. పిచ్చుక చెవి దానికి బడి. ఆ బడిలో విన్నది గొంతులోనికి వచ్చును. చేపకు బయటికి కనబడు చెవి లేదు గాని తలలోపల చెవి ఉన్నది. అందులో సున్నపు పదార్థముతో ఏర్పడిన చిన్న రాళ్ళు ఉండును. చేప శరీరము ఒరిగినది, తిరిగినది ఆ రాళ్ళ మూలముననే దానికి తెలియును. ఈ చెవిరాయికి మరియొక గుణము కలదు. చేప పెరిగిన కొలది అది కూడ పొరపొరగ పెరుగును. చెట్టు మ్రానును అడ్డముగ కోసినప్పుడు వలయములు కనబడినట్లు, చెవిరాయిని పలుచగ కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో పొరలు కనబడును. వానిని లెక్కించి వయస్సు చెప్పవచ్చును. అనగా పిచ్చుక చెవి పాట నేర్చుకొనును. చేప చెవి వయస్సు వ్రాసికొనును.

రఫీ చేప చెవిరాయిలో వ్రాసి యున్న లెక్కను చదివినప్పుడు శాస్త్రజ్ఞులు విస్మయము చెందిరి. పొరలు చాల సన్నముగ, ఒకదానికొకటి దగ్గరగ ఉండుటచే మొదటి దినములలో వయస్సు తక్కువగ తోచినది. పిదప నూరేండ్లకు పైబడిన చేపలు ఉన్నవని తేలినది. ఈ మాటను నమ్మనివారు చాలమంది ఉండిరి. 1991లో ఆస్ట్రేలియాలో వేరొక మార్గమున దీనిని సరిచూచిరి. చెవిరాయిలో అత్యల్పముగ చేరు రేడియం అను లోహము కాలక్రమమున సీసముగ మారును. ఎంత రేడియమునకు ఎంత సీసము ఏర్పడినదో కొలిచినచో, గడియారము చూచినట్లు కాలము చెప్పవచ్చును. ఆ గడియారము కూడ నూరేండ్ల లెక్కనే బలపరచినది. రెండువందల ఏండ్లు దాటినవి కూడ కలవని ఇటీవలి పరిశీలనలు తెలుపుచున్నవి. రెండువందల ఏండ్లు అనగా ఎంత? బ్రౌన్ దొర కడపలో తాళపత్రములు చేరదీయించుచు, 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన నాటికే పుట్టియున్న చేప నేటికిని ఆ చీకటిలో ఈదుచుండవచ్చును.

దీర్ఘాయువు మంచిదే గదా అని అనిపించును. కాని ఈ దీర్ఘాయువు వెనుక ఒక మెలిక ఉన్నది. రఫీ చేప మొదటిసారి గుడ్లు పెట్టు ఈడునకు వచ్చుటకు సుమారు 30 ఏండ్లు పట్టును. ఈడు వచ్చిన పిదప కూడ ప్రతి ఆడచేపయు ప్రతి యేట గుడ్లు పెట్టదు. పెట్టినప్పుడు గుడ్లు వేలకొలది ఉండును. కాని వానిని సముద్రమునకు వదలుటయే గాని కాపలా లేదు, పోషణ లేదు. వానిలో పెరిగి పెద్దవగునవి బహుకొద్ది. కొన్ని యేండ్లు మంచివి. పెక్కు యేండ్లు వ్యర్థము. తల్లి నూరేండ్లు జీవించినది గనుక ఆ మంచి యేడు వచ్చువరకు ఓపిక పట్టగలదు. దీర్ఘాయువు ఆ జాతికి విలాసము కాదు. అదియే దాని బ్రతుకుతెరువు.

పిచ్చుక కథ దీనికి తలక్రిందులు. దాని కొక పెట్టుకు మూడు నుండి ఐదు గుడ్లు. పొదుగుటకు సుమారు రెండు వారములు, పిల్లలు రెక్కలు వచ్చి ఎగురుటకు మరి రెండు వారములు. అనగా ఒక కాన్పు నెల దినముల పని. ఒక యేటిలో రెండు మూడు కాన్పులు సామాన్యము. ఈ యేట పుట్టిన పిల్ల మరుసటి యేటికి తానే గూడు కట్టును. వీనిలో పెక్కు మొదటి యేడు నిండకుండనే చచ్చును. మిగిలినవి కూడ కొలది యేండ్లకు మించి బ్రతుకవు. చావు ఎంత వేగమో, పుట్టుక కూడ అంత వేగము.

ఇప్పుడొక లెక్క వేసి చూతము. రఫీ చేపకు ఒక తరము గడుచు లోపల పిచ్చుకకు 30 తరములు గడుచును. మానవులలో తరమునకు 25 ఏండ్ల చొప్పున 30 తరములనగా 750 ఏండ్లు. అనగా ఓరుగల్లులో రుద్రమదేవి రాజ్యము చేసిన కాలము నుండి నేటివరకు. ఆ చేప ఒక్కసారి బిడ్డతల్లి యగునంతలో పిచ్చుకల వంశవృక్షము కాకతీయుల నాటినుండి మన కాలమునకు వచ్చినంత దూరము సాగిపోవుచున్నది.

ఈ రెండు జాతుల మీదను మనుష్యుని చేయి పడిన సందర్భములు చరిత్రలో ఉన్నవి. ముందుగ పిచ్చుక. మన భాషలో పిచ్చుకపై బ్రహ్మాస్త్రము అను మాట ఉన్నది. అల్పునిపై అనవసరమైన బలప్రయోగమునకు దానిని వాడుదుము. 1958లో చైనా దేశములో ఈ మాట అక్షరాల జరిగినది. ధాన్యము తినుచున్నదన్న నేరముపై పిచ్చుకను, ఎలుక, ఈగ, దోమలతోపాటు నాలుగు చీడలలో ఒకటిగ ప్రభుత్వము ప్రకటించినది. ఆ పిచ్చుక మన ఊరపిచ్చుకకు దగ్గరి దాయాది. జనులు వీధులకెక్కి డప్పులు, పళ్ళెములు మ్రోగించి పక్షులను ఎచ్చటను వాలనీయక తరిమిరి. అవి ఎగిరి ఎగిరి అలసి రాలిపోయినవి. గూళ్ళు పెరికిరి, గుడ్లు పగులగొట్టిరి. పిచ్చుక గింజలే గాక పురుగులను కూడ తినునని, పిల్లలను పెంచునది ప్రధానముగ పురుగులతోనేయని పక్షిశాస్త్రజ్ఞులు చెప్పిన మాట చెవికెక్కుటకు కాలము పట్టినది. పంటలపై పురుగు హెచ్చెను. 1959 నుండి 1961 వరకు ఆ దేశమును పీడించిన ఘోర క్షామమునకు కారణములు పెక్కు. పిచ్చుకల సంహారము వానికి తోడైనదని చరిత్రకారులు చెప్పుదురు. 1960లో పిచ్చుకను ఆ జాబితా నుండి తొలగించి, దాని స్థానమున నల్లిని చేర్చిరి.

అంత సంహారము జరిగిన పిదప ఏమైనది? తరుముట మానినంతనే మిగిలిన పక్షులు గూళ్ళు కట్టినవి. నెలకొక కాన్పు, ఏటికొక తరము. నేడు చైనాలో ఆ పిచ్చుక మరల సర్వసాధారణమైన పక్షి. క్షామమున పోయిన మనుష్యులు తిరిగి రాలేదు గాని, పిచ్చుక తిరిగి వచ్చినది.

చేప కథ 1970 దశకము చివర న్యూజిలాండు సముద్రములో మొదలైనది. అంతకు ముందు దీనిని ఆంగ్లములో జిగురుతల అను అర్థము వచ్చు పేరుతో పిలిచెడివారు. దీని తలలో జిగురు నిండిన కాలువలు ఉండుటయే కారణము. ఆ పేరుతో దీనిని ఎవరు కొనుక్కొని తిందురు? కావున వ్యాపారమునకు ఆరెంజ్ రఫీ అను ముచ్చటైన పేరు వచ్చినది. తెల్లని మాంసము, నీచు తక్కువ, ముల్లు తీసి గడ్డకట్టించి ఓడలమీద ఎంతదూరమైనను పంపవచ్చును. అమెరికాలోని భోజనశాలలలో దీనికి గొప్ప గిరాకి ఏర్పడినది. గుడ్లు పెట్టు ఋతువులో ఈ చేపలు సముద్రగర్భములోని కొండల చుట్టు గుంపులు గూడును. పెద్ద మరపడవలు ఆ గుంపుపై వల దింపినచో కొన్ని నిమిషములలో పదులకొలది టన్నులు పడెడివి. 1980 దశకము చివరకు న్యూజిలాండులో పట్టుబడి ఏటికి 50 వేల టన్నులు దాటినది. 1989లో ఆస్ట్రేలియాకు చెందిన టాస్మానియా దీవికి తూర్పున సెయింట్ హెలెన్స్ అను సముద్రపుకొండ వద్ద గొప్ప గుంపు కనబడగా, పడవలన్నియు అటు మరలినవి. అడుగును గీరుచు పోవు వలలు చేపలనే గాక ఆ కొండలపై వందల ఏండ్లుగ పెరిగిన పగడములను కూడ విరిచి పైకి తెచ్చినవి.

ఆ దినములలో ఎంత పట్టవచ్చునో లెక్కలు కట్టినవారు లేకపోలేదు. కాని చేపయనిన త్వరగా పెరుగును, త్వరగా నిండును అన్న పాత అలవాటుపై ఆ తొలి లెక్కలు నిలిచినవి. గుంపులో ఉన్న చేపల రాశిని చూచి అది ఏటేట వచ్చు పంట అనుకొనిరి. నిజమునకు అది నూరేండ్లుగ కూడబెట్టిన గాదె. ఒక యేటి వలలో పడిన చేపలలో తాతలు, ముత్తాతలు, వారి ముత్తాతలు ఒక్కటిగ ఉండిరి. గాదె ఖాళీ యైనప్పుడు గాని అది పంట కాదన్న సంగతి స్పష్టపడలేదు. చోటు తరువాత చోట పట్టుబడి పడిపోయినది. నమీబియాలో 1990 దశకమున మొదలైన వేట పదేండ్లు నిండకుండనే చతికిలబడినది. న్యూజిలాండుకు పడమట ఛాలెంజర్ పీఠభూమి వద్ద 2000లో వేటను మూసివేసి, పదేండ్లు ఊరక వదలి, 2010లో పరిమితముగ తెరచిరి. ఆస్ట్రేలియా 2006లో ఈ చేపను రక్షణ కావలసిన జాతుల పట్టికలో చేర్చినది. ఐరోపా సమాఖ్య 2016లో తన జలములలో 800 మీటర్లకు క్రింద అడుగు వలలు లాగుటను నిషేధించినది. పట్టుబడిని బాగుగ తగ్గించిన కొన్ని చోట్ల చేపలు మెల్లగ హెచ్చినవి. కాని ఆ మెల్లదనము దశాబ్దములతో కొలువవలసినది.

ఈ రెండు కథలను కలుపు ఒక ముడి కలదు. 1958లో చైనాలో పిచ్చుకల మీద డప్పులు మ్రోగుచున్నప్పుడు, టాస్మానియా ప్రక్కన సముద్రములో ఒక రఫీ చేప పుట్టినదనుకొందము. ఆ చేపకు ఈడు వచ్చి, మొదటిసారి గుడ్లు పెట్టుటకు ఆ కొండవద్దకు చేరునది ఎప్పుడు? 1988 ప్రాంతమున. సరిగ అప్పుడే వలలు దిగినవి. ఆ ముప్పది ఏండ్లలో చైనా పిచ్చుకలు ముప్పది తరములు పిల్లలను కని దెబ్బనుండి తేరుకొన్నవి. ఈ చేప ఒక్క సంతానమునైనను కనకముందే పళ్ళెములో ముక్కయైనది. నాడు వలలు తప్పించుకొన్న వాని సంతానము 1990లో పుట్టినదనుకొన్నను, ఆ పిల్లలు తల్లులగుటకు 2020 రావలసి వచ్చినది.

కావున ఏది బలమైన ప్రాణి అను ప్రశ్నకు ఆకారము జవాబు చెప్పదు, ఆయువు చెప్పదు, గుడ్ల సంఖ్యయు చెప్పదు. వేలకొలది గుడ్లు పెట్టు చేప కూలినది. ఐదు గుడ్లు పెట్టు పిచ్చుక నిలిచినది. ఎంత ఉన్నది అన్నది గాక, పోయినది ఎంత కాలములో తిరిగి వచ్చును అన్నదియే అసలు లెక్క. ఈ లెక్క మన రైతునకు క్రొత్త కాదు. తోటకూర మడిని కోసినచో కొలది దినములలో మరల చిగిర్చును. తాటితోపును నరికినచో మనుమలు పెద్దవారగువరకు ముంజలు దొరకవు. తోటకూరను కోసినట్లు తాటితోపును కోయు రైతు మన గ్రామములలో ఉండడు. రఫీ చేప విషయములో మాత్రము విద్యాధికులైనవారే ఆ పని చేసిరి. ఏలయన ఆ తోపు కంటికి కానరాని చోట ఉన్నది. మనుష్యుని ఆయువు పిచ్చుక ఆయువునకును ఈ చేప ఆయువునకును నడుమ ఉన్నది. మనము ప్రతి ప్రాణినీ మన ఆయువుతోనే కొలుతుము. పదేండ్లు మనకు దీర్ఘకాలమే. రఫీ చేపకు అది బాల్యములో మూడవ వంతు.

ఇంతమాత్రమున పిచ్చుకను గూర్చి మనము నిశ్చింతగ ఉండవచ్చునని మా అభిప్రాయము కాదు. వేగముగ నిండు కుండ వేగముగనే ఖాళీ యగును. రఫీ చేప పదేండ్లు పిల్లలు కలుగకున్నను ఓర్చుకొనగలదు. పిచ్చుకలకు వరుసగ నాలుగైదేండ్లు గూడు దొరకనిచో ఆ వీధిలో పిచ్చుక ఉండదు. దానికి కావలసినవి రెండే: గూటికొక సందు, పిల్లల నోటికి పురుగు. తాటాకు చూరులు, పెంకుల సందులు, గోడగూళ్ళు ఉన్నంతకాలము మొదటిదానికి లోటు లేకుండెను. వరికంకులను కుచ్చులుగ అల్లి వసారాలలోను, దేవాలయ మండపములలోను వ్రేలాడదీయు ఆచారము మన పల్లెలలో ఉండుట శ్రోతలెరుగుదురు. నేటి సిమెంటు మేడలలో, అద్దపు గోడలలో సందులు లేవు. మందులు చల్లిన తోటలలో పురుగులు లేవు. 2020లో మన దేశపు పక్షుల స్థితిని గూర్చి వెలువడిన నివేదిక, ఊరపిచ్చుకలు దేశము మొత్తముమీద పాతికేండ్లుగ ఇంచుమించు నిలకడగ ఉన్నను, హైదరాబాదు మొదలగు మహానగరములలో తగ్గినవని తెలిపినది. 2012లో ఢిల్లీ ప్రభుత్వము ఊరపిచ్చుకను తన రాష్ట్రపక్షిగ ప్రకటించినదనిన, పిచ్చుక కొరకు వెదుకుకొనవలసిన దశ వచ్చినదనియే అర్థము.

అయినను ఈ రెండు కష్టములకు భేదము కలదు. పిచ్చుకకు మనము చేయదగిన సహాయము మన చేతిలో ఉన్నది. దాని ఫలము కూడ మన కంటి ముందరనే కనబడును. గోడకు ఒక చెక్కపెట్టె తగిలించి, పిడికెడు నూకలు, మూకుడులో నీరు పెట్టి, పెరటిలో పురుగుమందు మానినచో, చుట్టుపక్కల పిచ్చుకలు మిగిలియున్నయెడల ఒకటి రెండేండ్లలో కాపురము రావచ్చును. రఫీ చేపకు ఏ పెట్టెయు తగిలింపలేము, ఏ గింజయు పెట్టలేము. దానిని త్వరపెట్టు విద్య మనుష్యునకు లేదు. దాని విషయమున చేయదగిన సహాయము ఒక్కటే: చేయి వెనుకకు తీసికొని, మన తరము గడిచిన పిదప వచ్చు ఫలము కొరకు కాచుకొని ఉండుట. మొదటిది దయ గలవారు ఎవరైనను చేయగలరు. రెండవదానికి దయ చాలదు. లెక్క తెలిసియుండవలెను, లెక్కను మన్నించు చట్టము ఉండవలెను.

లోతు సముద్రము ఇకమీదట మనకు దూరపు సంగతి కాదు. 2021లో మన కేంద్ర ప్రభుత్వము అగాధ సముద్ర పరిశోధనకు ప్రత్యేక పథకమును ఆమోదించినది. 6,000 మీటర్ల లోతునకు మనుష్యులను తీసికొనిపోవు నౌక ఆ పథకములో భాగము. అచ్చటి ప్రాణులను తెలిసికొనుటయు, అచ్చటి లోహపు గడ్డలను వెలికితీయు మార్గములను వెదకుటయు అందులో చేరియున్నవి. తెలిసికొనుట ముందు, తీసికొనుట తరువాత అను వరుస తప్పకుండుట మంచిది. న్యూజిలాండులో ఆ వరుస తప్పినది. వలలు 1970 దశకములో దిగినవి. చేప వయస్సు నిర్ధారణ యైనది 1991లో. ఆ నడుమ గడచిన కాలము పదునైదేండ్ల లోపే. ఆ లోపుననే నూరేండ్ల గాదె చాలవరకు ఊడ్చుకొని పోయినది.